వాన కుప్ప

కరెంటు పోవడమే మంచిదైంది అనుకుంది కరుణశ్రీ, అనుకున్న మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది. మీటింగు హాల్లో ప్రొజెక్టరు ఆరిపోయింది. జనరేటరుంది గానీ అందులో డీజిల్ లేదు, డీజిల్ తేవడానికి పోయిన మనిషి దారిలో ఎవరితోనో ముచ్చటకు దిగి ఉంటాడు, పసుపు రైతుల సంఘం డైరెక్టర్లు కండువాలతో విసురుకుంటూ వరండాలోకి వచ్చి మళ్ళీ చాయ్ తెప్పించుకుంటున్నారు. ఏప్రిల్ మధ్యాహ్నం ఆర్మూరులో కరెంటు పోతే గంటకు గానీ రాదు. ఆ గంట ఆమెకు దొరికింది, ఖాళీగా ఉన్న మేనేజరు గది దొరికింది, మూత తెరిచిన ల్యాప్‌టాప్, ఊచల కిటికీ, కిటికీలోంచి గేటు, గేటు పక్కన కాంటా షెడ్డు నీడలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న భీమవ్వ. భీమవ్వ ఇటు చూడటం లేదు. చూడకపోవడం మేలా, చూస్తే మేలా? కరుణశ్రీ కుర్చీని కాస్త పక్కకు జరుపుకుంది, కిటికీ ఊచ భీమవ్వ ముఖానికి సరిగ్గా అడ్డం వచ్చేలా. జరుపుకున్నాక గానీ తెలియలేదు తానేం చేసిందో. ఛీ అనుకుంది. అనుకుంది గానీ మళ్ళీ వెనక్కి జరగలేదు.

చెప్పుకోవడానికి ఆమెది పెద్ద పనే. ఒక సంస్థ తన పనులను ఎంత పద్ధతిగా చేసుకుంటుందో చూసి, ఒకటి మొదలు ఐదు దాకా అది ఏ మెట్టు మీద ఉందో తేల్చి చెప్పాలి. ఒకటో మెట్టంటే ఎవరికి తోచింది వాళ్ళు చేసుకుపోవడం. మూడో మెట్టంటే అందరూ ఒక్క తీరుగా, రాసిపెట్టుకున్న తీరుగా, ఎండలోనూ వానలోనూ అదే తీరుగా చేయడం. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కంపెనీల ఏసీ గదుల్లో ఈ మాటలు చెబుతూ తిరిగేది. ఈ పసుపు రైతుల సంఘానికి విదేశీ కంపెనీ ఒకటి దొరికి, మీరు మూడో మెట్టు మీద ఉన్నారని ఎవరైనా చెబితే ఏటా మీ పసుపు కొంటాం అనేసరికి, ఆఫీసులో అందరూ ఆమె వైపే చూశారు. నీది ఆర్మూరే కదా, నీ భాషే కదా, నువ్వే పెద్దగా ఉండి నడిపించు అన్నారు. మొదటిసారి టీముకు లీడరు. పొంగిపోయింది. దీన్ని ఇంగ్లీషులో మెచ్యూరిటీ అంటారని తొలిరోజు చెబితే, మేనేజరు దేవిదాస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "చేను పండిందంటే ఆకు ఎండి ఒరుగుతది మేడం, ఫ్యాక్టరీ పండిందంటే ఏం ఒరగాలె?" అన్నాడు. తానూ నవ్వింది. ఒరిగిందెవరో ఇప్పుడు గేటు దగ్గర కనబడుతూనే ఉంది. మనిషి మంచివాడే దేవిదాస్, అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఈ గంట ఇంత బరువుగా ఉండేది కాదు, తిట్టుకోవడానికి ఒకడు ఉండేవాడు. పొద్దున రిపోర్టు ముసాయిదా చూపించినప్పుడు ఆయన ఆ ఒక్క వాక్యం దగ్గర ఆగి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చదివాడు. వాన పడినప్పుడు కల్లంలో రైతుల లాట్లు కలిసిపోతున్నాయి. అంతే వాక్యం. ఎవరి పేరూ లేదు. ఎవరు చెప్పారని ఆయన అడగలేదు కూడా. "మీ రూలు గట్ల గదా, పేరు అడగొద్దు" అన్నాడు గౌరవంగా. చాయ్ వేళకు మళ్ళీ వచ్చాడు, ముఖం వెలిగిపోతోంది. "మీరే అన్నరు గదా మేడం, తప్పు కనబడితే ఊకె కూసోవద్దు, దిద్దుబాటు చూపియ్యాలె అని. చూపిచ్చినం. కుప్పలల్ల నంబరు బిళ్లలు గుచ్చే భీమవ్వను పనిల్నుంచి తీసేసినం. గిప్పుడు ఇస్తరు గదా మూడు?" పరీక్షలో కష్టమైన లెక్క చేసుకొచ్చిన పిల్లాడిలా నిలబడ్డాడు. ఆమె నోరు తెరిచింది. ఏం చెప్పింది? చూద్దాం సార్ అంది. ఇన్ని చదువులు చదివి, ఇన్ని ట్రైనింగులకు పోయి, మేం మనుషులను చూడం, పద్ధతిని చూస్తాం అని అద్దం ముందు నిలబడి మరీ నేర్చుకుని, చివరికి నోట్లోంచి వచ్చింది చూద్దాం సార్.

కల్లంలో అప్పుడేదో గొడవ వినిపించింది, ఆడవాళ్ళ గొంతులు, ఒక గొంతు అన్నిటికంటే పైకి లేచి, తర్వాత ఒక్కసారిగా అన్నీ ఆగిపోయి. లేచి కిటికీ దాకా వెళ్ళింది కూడా. పసుపు పాలిష్ పట్టే డ్రమ్ము తిరగడం మొదలై ఆ చప్పుడులో ఇంకేమీ తెలియలేదు. భీమవ్వ తన పని కోసం కొట్లాడుతోంది కాబోలు అనుకుని మళ్ళీ వచ్చి కూర్చుంది. తర్వాత చూస్తే భీమవ్వ గేటు దగ్గర ఉంది. ఇంటికి పోలేదు. ఎందుకు పోలేదు? దేవిదాస్‌ను బతిమాలుకోవడానికా? అలా అయితే వరండా మెట్ల దగ్గర కూర్చోవాలి. పోనీ నన్ను నిలదీయడానికా, బయటికి ఎప్పుడో ఒకప్పుడు రాక తప్పదు కదా అని? ఇటువంటప్పుడు మనిషికి ఎన్ని తెలివితేటలు వస్తాయో. ఫ్యాక్టరీకి వెనక గేటు ఉందా అని కూడా ఒక ఆలోచన వచ్చింది ఆమెకు, వచ్చి, సిగ్గుపడి, అయినా కాసేపు అక్కడే తచ్చాడింది.

నిన్న ఇదే గదిలో, ఇదే కుర్చీలో. భీమవ్వ లోపలికి వచ్చి కుర్చీలో కూర్చోనంది, నేల మీద కూర్చుంటానంది, చేతులు పసుపుపచ్చగా ఉన్నాయి కుర్చీకి అంటుతుందని. శ్రవణ్ పక్కనే కాగితాలు పట్టుకుని కూర్చున్నాడు, టీములో చిన్నవాడు, నిజామాబాద్ పిల్లవాడు. మీ పని ఏమిటో చెప్పండమ్మా అని అతను అడిగితే, "సార్లు ఎట్ల చెప్తె గట్ల చేస్తం" అని ఒక్క మాటలో తలుపు వేసేసింది భీమవ్వ. అంతకుముందు వచ్చిన, కల్లంలోనే పనిచేసే చిన్నక్క కూడా అంతే, మాకు ఏం ఎరుక సారూ అని చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఏమీ చెప్పకుండానే పోయింది. అప్పుడు కరుణశ్రీ పెన్ను పక్కన పెట్టింది. కుర్చీ దిగి తానూ నేల మీద కూర్చుంది. "ఏ ఊరు పెద్దమ్మా మీది?" అంది. అడగడమే ఆలస్యం, భీమవ్వ ముఖం విచ్చుకుంది. నందిపేట్ వైపు అంది. మా అమ్మ పుట్టిల్లూ అటే అంది కరుణశ్రీ, పసుపు కల్లాల్లోనే చేసింది, నేను ఏడో తరగతి దాకా ఇక్కడే, బస్టాండు వెనకాల ఉండేవాళ్ళం, మా అమ్మ చేతులూ ఇట్లనే పచ్చగా ఉండేవి, ఆదివారం చర్చికి పోతే కూడా పచ్చదనం పోయేది కాదు. "ఎవలి బిడ్డవు?" అని అడిగి, అమ్మ పేరు చెప్పగానే, వాళ్ళ అక్క నాకు ఎరుకే, వాళ్ళ వదినె మాకు ఫలానా, అని వేళ్ళ మీద లెక్కవేసి వరస కలిపేసింది భీమవ్వ. "ఇగ నువ్వు నాకు బిడ్డవైతవు" అని తేల్చింది. వరస కుదిరిందో లేదో ఆ ఒక్క చూపుతో ఇల్లూ వాకిలీ తెరిచేసినట్టయింది. అన్నీ నిజమే కదా తాను చెప్పినవి. ఒక్క అబద్ధం లేదు. అమ్మ చేతులు నిజం, చర్చి నిజం. నిజాలన్నీ తీసుకెళ్ళి ఒక మాట రాబట్టడానికి ఎర వేసింది, అదీ జరిగింది. ట్రైనింగులో దీనికో పేరుంది, ఎదుటి మనిషితో సఖ్యత కుదుర్చుకోవడం అని. దాని కింద చిట్కాలు కూడా ఇచ్చారు. నేల మీద కూర్చోవడం ఆ చిట్కాల్లో లేదు. అది తన సొంత తెలివి.

"నీకు గాబట్టి చెప్తున్న బిడ్డా" అంది భీమవ్వ, శ్రవణ్ వైపు ఒకసారి చూసి, వీడూ నీ తమ్ముడి లెక్కేలే అన్నట్టు. ఉడకబెట్టిన పసుపును కల్లంలో ఆరబోస్తారు, ఏ రైతు కుప్ప ఆ రైతుదే, ఒక్కోదాంట్లో ఆ రైతు నంబరున్న రేకు బిళ్ల గుచ్చి ఉంటుంది. ఎవరి చేను పసుపు ఎవరిదో చివరిదాకా తెలియాలి, ఒకరి దాంట్లో పురుగు మందు అవశేషాలు దొరికితే అది ఎవరిదో పట్టుకోవాలి, విదేశీ కంపెనీ కోరేదల్లా అదే. "ఎండల ఎవనిది వానిదే. మబ్బు పట్టిందనుకో, ఇగ చూస్కుంట కూసుంటమా? టార్పాలిన్లు ఉన్నయి ఎన్ని? అన్నీ ఒక్క కాడికి, ఎత్తు గద్దె మీదికి నూకుతం. వాన కుప్ప అంటం మేం. వాన వెలిసినంక మళ్ళ ఎవని తూకం వానికి పంచి బిళ్లలు గుచ్చుత నేను. ఒక్కని కొమ్ము పోనియ్య, నీ తోడు." గర్వంగా చెప్పింది. తప్పు ఒప్పుకుంటున్నట్టు కాదు, ఇంట్లో పిల్లకు ఇంటి సంగతి చెప్పినట్టు. దొరికింది అని సంతోషపడింది కరుణశ్రీ. అవును, సంతోషమే, ఇప్పుడు ఎన్ని పేర్లు పెట్టుకున్నా అప్పుడది సంతోషమే. "నీ పేరు బయటికి రాదు పెద్దమ్మా, నాది పూచీ" అంది. ఆ మాట తాను ఏ అర్థంలో అందో, ఆవిడ ఏ అర్థంలో విన్నదో ఈ పొద్దుటి దాకా ఆలోచించలేదు. తమ రూలు ప్రకారం పేరు బయటికి రాకూడదు, మాట రావచ్చు. భీమవ్వ రూలు ప్రకారం, బిడ్డకు చెప్పిన మాట బిడ్డ దగ్గర ఉంటుంది. పేరును మాటలోంచి వేరు చేసి దాచవచ్చని ఆవిడకెలా తెలుస్తుంది, అసలు ఎవరికి తెలుస్తుంది, ఈ ఊళ్ళో ఒక మాట వింటే అది ఎవరి నోటి మాటో చెప్పేస్తారు.

ఇంతకీ అది తనకు తెలియని సంగతా? నిజం చెప్పుకో కరుణశ్రీ, ఈ గదిలో నువ్వు తప్ప ఎవరూ లేరు. బడి నుంచి వచ్చి పుస్తకాల సంచి గోడకు ఆనించి కల్లంలో అమ్మ కోసం చూస్తుంటే, గుట్టల వైపు నుంచి నల్లగా మబ్బు లేచి, ఎవరో ఆడమనిషి కేక పెట్టి, అంతే, ఇక అక్కడ ఎవరి కుప్ప ఎవరిది. అమ్మ తన కూలికి సంబంధం లేని కుప్ప మీదికి ఉరికి చేటతో, చేతులతో, చివరికి చీర కుచ్చిళ్ళతో తోస్తూ, "ఏయ్ పిల్లా, కొస పట్టు కొస పట్టు" అని అరిస్తే, తాను టార్పాలిన్ కొస పట్టుకుంది. గాలికి ఆ కొస తనను ఎత్తుకుపోతుందేమో అనిపించింది. ఎవరో ముసలాయన, ఆ పసుపు తాలూకు రైతే కాబోలు, వచ్చి తన మీద పడ్డట్టుగా ఇంకో పక్క పట్టుకున్నాడు. వాన కొట్టి వెలిసిపోయాక అందరూ తడిసి ముద్దై నవ్వారు, కుప్ప మాత్రం తడవలేదు. ఆ వాసన, తడిసిన మట్టి, ఉడికిన పసుపు, అమ్మ చెమట, ఆ మూడూ కలిసిన వాసన ఇప్పుడు కూడా ఈ కిటికీలోంచి వస్తున్నట్టే ఉంది, వాన లేకపోయినా. అన్నీ తెలిసే అడిగింది. తెలుసు కాబట్టే ఏం అడగాలో తెలిసింది. కానీ తనకు తెలిసి ఉండటం ఆధారం కాదు. ఇంకొకరి నోటి నుంచి రావాలి. వచ్చింది. అదైనా సరిపోదు, ఒక్కరు చెబితే చాలదు, ఇంకో చోటు నుంచి కూడా రూఢి కావాలి, అది మరీ గట్టి రూలు. తొందరపడి ఒకరి మాట మీద సంస్థకు చెడ్డపేరు రాకూడదని పెట్టిన మంచి రూలు. ఆ మంచి రూలు పట్టుకుని నిన్న సాయంత్రం కల్లం సూపర్‌వైజరు తుకారాం దగ్గరికి పోయింది. మబ్బు వచ్చినప్పుడు కుప్పలన్నీ ఒక్కచోటికి నూకుతారా అని అడిగింది. గద్దె అనే మాట కూడా వాడింది. తుకారాం తల గోక్కుని కల్లం వైపు చూశాడు, అక్కడ భీమవ్వ చేట దులుపుతోంది. "అప్పుడొకసారి అప్పుడొకసారి అయితది మేడం" అన్నాడు చివరికి. రూఢి అయింది. శ్రవణ్ టిక్కు పెట్టాడు. ఆ చూపు, తుకారాం కల్లం వైపు చూసిన ఆ చూపు, తాను చూసింది. చూసి, ఏమీ అర్థం కానట్టు ఊరుకుంది. రాత్రి లాడ్జిలో హాయిగా నిద్రపోయింది కూడా, అదే ఇప్పుడు మింగుడు పడటం లేదు, అంత హాయిగా ఎలా నిద్ర పట్టింది?

ల్యాప్‌టాప్ తెర మీద ఆమె ఎంచి పెట్టిన ఆ వాక్యం నీలంగా వెలుగుతోంది. ఒక్క మీట నొక్కితే పోతుంది. నొక్కింది. పోయింది. తెర తెల్లగా, మర్యాదగా ఉంది. మూడో మెట్టు, చప్పట్లు, శాలువా కూడా కప్పుతారేమో, విదేశీ కంపెనీ తరఫున వచ్చిన మనిషి చేతులు కలుపుతాడు, రైతులకు నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయి, భీమవ్వను మళ్ళీ పిలుచుకోండి అని దేవిదాస్ చెవిలో ఒక మాట వేయవచ్చు. ఎవరికి నష్టం? ఏదో ఒక వాన తర్వాత, ఎవరి చేనులోదో మందు అందరి పసుపులో కలిసి, ఓడెక్కి పోయి, అక్కడ పరీక్షలో పట్టుబడి అంతా తిరిగి వచ్చేదాకా ఎవరికీ నష్టం లేదు. వచ్చిన రోజు ఈ వరండాలో చాయ్ తాగుతున్నవాళ్ళలో ఎంతమంది నిలబడగలరు? కంట్రోలు మీట పట్టుకుని జెడ్ నొక్కి వాక్యాన్ని వెనక్కి తెచ్చింది. అది వచ్చింది, అక్షరం చెక్కుచెదరకుండా. నిజం చెప్పడం తప్పు కాదు. తప్పు ఎక్కడుందో తెలుస్తూనే ఉంది, నిజంలో లేదు, దాన్ని తెచ్చిన దారిలో ఉంది. నాలుగు టార్పాలిన్లు ఎక్కువ కొనండి అని రాస్తే సరిపోయేదాన్ని ఒక మనిషి నోటిలోంచి పెరికి తెచ్చింది. తలుపు దగ్గర చప్పుడైతే ఉలిక్కిపడి తెర మూసేయబోయింది, దొంగలాగ. శ్రవణే.

"మేడం, డీజిల్ వచ్చిందట. ఇంకో పది నిమిషాలు అంటున్నరు." తెర వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత అన్నాడు, "గా లైను తీసేద్దామంటే నేను ఏమనను మేడం. మీరు లీడరు."

"నువ్వేమనుకుంటున్నవ్?"

"నేననుకునుడు ఏముంది. గామెను చూస్తె నాకు అన్నం లోపలికి పోలేదు." అని వెళ్ళిపోయాడు.

అంటే వీడికీ తెలుసు. అందరికీ తెలుసు. అన్నం ముందు కూర్చుని తాను ఒక్కతే పెరుగు కూడా వేసుకుని తినేసింది. కరుణశ్రీ లేచింది. ఏం చెప్పాలో తెలియకుండానే వరండా దాటింది, డైరెక్టర్లెవరో నవ్వుతూ "ఎండల ఎటు మేడం" అంటే కూడా వినిపించుకోలేదు. కల్లం మీద ఎండ కణకణలాడుతోంది, కుప్పల్లో బిళ్లలు మెరుస్తున్నాయి, ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. నీ పని నీకు ఇప్పిస్తాను పెద్దమ్మా అని చెప్పాలి. నన్ను తిట్టు పెద్దమ్మా అని చెప్పాలి. గేటు బయట నందిపేట్ పోయే షేర్ ఆటో ఆగి ఉంది, ఇంకా నిండలేదు, డ్రైవరు పాటగా అరుస్తున్నాడు. ఆమె రావడం చూసి భీమవ్వ లేచి నిలబడింది. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటుందని ఎంత ఆశపడి వచ్చిందో అప్పుడు తెలిసింది కరుణశ్రీకి.

"వచ్చినవా బిడ్డా. నీ కోసమే కూసున్న. లోపలికి రానిస్తలేరు" అంది భీమవ్వ. చెయ్యి పట్టుకుని కాంటా షెడ్డు నీడలోకి లాగింది. గొంతు తగ్గించింది. "ఒక్క మాట అడుగుత. నాకు నిజం చెప్పాలె. మా ఆడోళ్ళల్ల ఎవరో చెప్పిన్రు సారుకు, వాన కుప్ప ముచ్చట. చిన్నక్కేనా?"

కరుణశ్రీకి మొదట అర్థం కాలేదు.

"నాతోని పాటు దాన్నొక్కదాన్నే పిలిస్తిరి గదా లోపలికి. నా పని మీద దానికి కన్నుందని ఎవరో అన్నరు. నా కండ్లు మూసుకపోయినయి బిడ్డా. అందరి ముంగట పట్టుకున్న. దాని మొగడు పోయి నిండ యాడాది కాలే, గోదారి గంగల పడి పోయిండు. మొగణ్ణి మింగినవు, గిప్పుడు నన్ను మింగినవా అన్న." భీమవ్వ చెంగుతో ముఖం తుడుచుకుంది. "అది మారు మాట్లాడలే. చేట కింద పెట్టి ఇంటికి పోయింది. అప్పటిసంది పానం కొట్టుకుంటున్నది. అదేనా, కాదా? నీకు ఎరుకుంటది. నువ్వు మా పిల్లవు, నీకాడ అబద్ధం ఉండది."

పేర్లు చెప్పకూడదు పెద్దమ్మా, అది మా రూలు. వాక్యం నోటి చివర తయారుగా ఉంది, నున్నగా, సిద్ధంగా. భీమవ్వను కాపాడతానని ఇచ్చిన మాటే ఇప్పుడు తనను కాపాడటానికి వచ్చి నిలబడింది. చెబితే నమ్ముతుంది కూడా, తలూపి పోతుంది. చిన్నక్క ఎక్కడో తలుపు వేసుకుని ఏడుస్తూ ఉంటుంది, ఎందుకు తిట్లు పడ్డదో తెలియకుండానే.

"చిన్నక్క కాదు" అంది. "ఎవ్వరు కాదు. నువ్వు నాకు చెప్పినవు, నేను రాసిన. తుకారాంను కూడ నేనే అడిగిన. నేనే పెద్దమ్మా."

భీమవ్వ చేయి వదల్లేదు. కరుణశ్రీ ముఖంలోకి చూసింది, ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు. గుర్తు దొరకలేదు కాబోలు.

"నీ పని నీకు ఇప్పిస్త" అంది కరుణశ్రీ గబగబా. "సారుతోని మాట్లాడుత. గా లైను కావాలంటే తీసేస్త."

"పని పోతె ఇంకో కల్లం లేదా" అంది భీమవ్వ. "నీ మిషన్ల లైను తీస్తవు సరే. నేనన్న మాట ఎవరు తీస్తరు?" చేతిని ఇంకా గట్టిగా పట్టుకుంది, ఆటో వైపు నడిపిస్తూ. "నడు బిడ్డా. నువ్వొచ్చి చెప్పు దానికి. నేను పోతె తలుపు తియ్యది. నువ్వు చెప్తె నమ్ముతది. ఎంత సేపు, పోయి వచ్చుడే."

లోపల డ్రమ్ము గర్రుమని తిరగడం మొదలుపెట్టింది. వరండా నుంచి శ్రవణ్ గొంతు, "మేడం, కరెంటు వచ్చింది." దేవిదాస్ కూడా బయటికి వచ్చి చెయ్యి ఊపుతున్నాడు, కంపెనీ మనిషి వాచీ చూసుకుంటున్నాడు, డైరెక్టర్లు కండువాలు సర్దుకుంటున్నారు, అందరూ ఆమె వైపే. పోవాలి. ఈ చేయి వదలకుండా ఆటో ఎక్కాలి. కాళ్ళు అటే తిరిగాయి కూడా, ప్రమాణంగా తిరిగాయి. కానీ ఇన్నాళ్ళకు మొదటిసారి లీడరు, హైదరాబాదు నుంచి ఫోన్లు వస్తాయి, రిపోర్టు చెప్పకుండా లీడరు ఆటో ఎక్కి ఎటో పోయిందంట అని.

"మీటింగు అయినంక వస్త పెద్దమ్మా. ఒక్క గంట. తప్పకుండా వస్త."

"గంట సేపు అది ఏడుసుకుంట కూసోవాల్నా?" అంది భీమవ్వ. నిష్ఠూరంగా కాదు, నిజంగానే అడిగింది. కరుణశ్రీ కళ్ళు వరండా వైపు పోయేసరికి మెల్లగా చేయి వదిలేసింది. "సరే మేడం. మీ పని మీరు చూసుకోండ్రి" అని వెళ్ళి ఆటోలో ఒక మూలకు ఒదిగి కూర్చుంది.

హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. తెర మీద సంఘం పేరు పెద్దగా పడింది, ఎవరో చప్పట్లు కొట్టారు. కరుణశ్రీ మొదలుపెట్టింది. గొంతు బాగానే ఉంది, ఆశ్చర్యం. ఉడకబెట్టే పద్ధతి బాగుంది, తూకం బాగుంది, రైతులకు చెల్లింపులు సకాలంలో ఉన్నాయి. కిటికీ అవతల డ్రైవరు ఇంకా అరుస్తూనే ఉన్నాడు, నందిపేట్, నందిపేట్. ఇంకా నిండలేదన్నమాట. ఇంకా పోవచ్చు. ఈ స్లైడు అయ్యాక క్షమించండి ఒక్క అరగంట అని చెప్పి పోవచ్చు. ఈ స్లైడు అయింది. ఇంకోటి. నందిపేట్, నందిపేట్. ఆ వాక్యం తెర మీదికి వచ్చింది, తీసేయలేదు, తీయడానికి మనసు రాలేదు. దేవిదాస్ లేచి నిలబడి అందరికీ వినబడేలా అన్నాడు, "దీనికి మనిషిని తీసేసినం, గది కూడ రాసుకోండ్రి మేడం."

"మనిషిది తప్పు కాదు సార్. వాన నుంచి కాపాడటానికి మీరు వాళ్ళకు సరిపడా టార్పాలిన్లు ఇవ్వలేదు. అది పద్ధతి తప్పు. ఆమెను తీసేస్తే దిద్దుబాటు అవదు, ఇంకో తప్పవుతుంది. ఇవాళ్టికి రెండో మెట్టు. టార్పాలిన్లు కొని, ఇంకో పసుపు కాలం చూపించండి, మూడు ఇస్తాం."

డైరెక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కంపెనీ మనిషి కూడా ఆలోచించి తలూపాడు, ఇంకో కాలం ఆగుతాం అన్నాడు. "గంతేనా?" అన్నాడు దేవిదాస్, తేలికపడి. "ముందుగాల్నే చెప్తె అయిపోతుండె గదా మేడం. టార్పాలిన్లు ఎంత, రేపు నిజామాబాద్ పోయి తెస్తం. భీమవ్వను పొద్దుగాల రమ్మంటం." కూర్చున్నాడు. అంత సులువు. ఒక్క ఊపిరిలో అయిపోయింది. ఇదే మాట పొద్దున చాయ్ వేళకు, ఆ గొంతులు లేవకముందు, చూద్దాం సార్ అనే చోట అని ఉంటే. ఆమె తెరను వదిలి కిటికీ వైపు తిరిగింది. బయట అరుపు వినిపించడం లేదు. ఎప్పుడు ఆగిందో కూడా తెలియలేదు, ఆటో నిండినట్టుంది, కిటికీలో గేటు ఖాళీగా ఉంది.

"తర్వాతిది చెప్పుండ్రి మేడం" అన్నాడు దేవిదాస్.

ఆమె తర్వాతిది చెప్పింది.